డీఎస్పీ చిప్ మీద బహుపది: హార్నరా, ఎస్ట్రినా, టేబులా?

సైన్ విలువ కావాలి. లాగరిథం కావాలి. సెన్సర్ ఇచ్చిన వోల్టేజీని ఉష్ణోగ్రతగా మార్చాలి. పవర్ యాంప్లిఫయర్ వంకరను సరిచేయాలి. డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) మీద పనిచేసేవాళ్లకు ఇవన్నీ చివరికి ఒకే రూపంలో ఎదురవుతాయి: ఒక బహుపది, దాని గుణకాలు, లోపలికి వచ్చే ఒక ఎక్స్. దాన్ని లెక్కగట్టడానికి అరడజను పద్ధతులున్నాయి. ఏది వాడమంటారు అని అడిగితే ఎక్కువగా వినబడే జవాబు "హార్నర్ వాడండి, గుణకారాలు తక్కువ" అని. చాలాసార్లు ఆ జవాబు సరైనదే, కానీ చెప్పే కారణం సరైనది కాదు. కారణం తప్పయితే, పరిస్థితి మారినప్పుడు జవాబు కూడా తప్పుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవాళ్టి డీఎస్పీ మీద గుణకారాలు ఎన్ని అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరు: మీ చేతిలో ఒకే ఒక్క శాంపిల్ (సిగ్నల్ నుంచి ఒక క్షణంలో తీసుకున్న విలువ) ఉండి, దాని జవాబు వచ్చేదాకా తర్వాతి పని ఆగిపోతుందా? లేక వందల శాంపిల్స్ ఒక బ్లాకుగా వచ్చి కూర్చున్నాయా? ఈ ఒక్క విషయం తేల్చుకుంటే పద్ధతి దాదాపుగా దానంతట అదే తేలిపోతుంది.

ముందు గుణకారాల లెక్క

మాట్లాడుకోవడానికి వీలుగా డిగ్రీ 7 బహుపదిని తీసుకుందాం. ఎనిమిది గుణకాలు, అ0 నుంచి అ7 వరకు. ప్రతి పదానికీ ఎక్స్ ఘాతాన్ని మొదటి నుంచి గుణించుకుంటూ పోతే 28 గుణకారాలు. ఎక్స్², ఎక్స్³ ఇలా వచ్చినదాన్ని దాచుకుంటూ పోతే 13. హార్నర్ పద్ధతిలో అయితే 7 గుణకారాలు, 7 కూడికలు: అ7 ను ఎక్స్‌తో గుణించి అ6 కలపాలి, వచ్చినదాన్ని మళ్లీ ఎక్స్‌తో గుణించి అ5 కలపాలి, అలా అ0 దాకా.

ఇది హార్నర్ పేరు మీద స్థిరపడింది కానీ ఆయన 1819లో ప్రచురించడానికి దాదాపు ఆరు వందల ఏళ్ల ముందే, 1247లో, చైనా గణితజ్ఞుడు చిన్ జియుషావో తన గ్రంథంలో వాడాడు. గుణకాలను ముందుగా మార్చుకునే అవకాశం లేకపోతే ఇంతకన్నా తక్కువ గుణకారాలతో సాధారణ బహుపదిని లెక్కగట్టడం కుదరదని విక్టర్ పాన్ 1966లో నిరూపించాడు.

పైగా హార్నర్‌లోని ప్రతి మెట్టూ "గుణించు, కలుపు" అనే ఒకే పని. డీఎస్పీ చిప్‌లు పుట్టిందే ఆ పని కోసం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సీ54ఎక్స్ కుటుంబంలో అయితే పాలీ అని ఏకంగా ఒక ఇన్‌స్ట్రక్షనే ఉంది. అక్యుములేటర్‌లో (జవాబు పేరుకునే చోటు) ఉన్నదాన్ని టీ రిజిస్టర్‌లోని (చిప్ లోపలి చిన్న నిల్వ గది) ఎక్స్‌తో గుణించి, ముందే తెచ్చిపెట్టుకున్న గుణకాన్ని కలిపి, రౌండ్ చేసి, అదే సమయంలో తర్వాతి గుణకాన్ని మెమరీ నుంచి తెచ్చుకుంటుంది. హార్నర్ మెట్టు మొత్తం ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో అయిపోతుంది. అలాంటి చిప్ మీద పని చేస్తుంటే ఈ వ్యాసంలో చాలా భాగం మీకు అక్కర్లేదు. హార్నర్ రాసుకుని ముందుకు వెళ్లిపోవచ్చు.

పైప్‌లైన్ వచ్చాక ఏం మారింది

తర్వాత వచ్చిన చిప్‌లలో గుణకార యూనిట్ లోపల పైప్‌లైన్ ఉంటుంది. ఒక్కో లెక్క పూర్తవడానికి, ఉదాహరణకు, 4 సైకిళ్లు (చిప్ గడియారం నాలుగు టిక్కులు) పడుతుంది. కానీ ప్రతి సైకిల్‌కూ ఒక కొత్త లెక్కను లోపలికి పంపవచ్చు. టిఫిన్ సెంటర్‌లో పెద్ద పెనం లాంటిది. ఒక దోసె కాలడానికి నాలుగు నిమిషాలు పట్టినా, పెనం మీద నాలుగు దోసెలకు చోటుంటే నిమిషానికో దోసె దిగుతూనే ఉంటుంది. మొదటి దోసె తిన్నాకే రెండోది పొయ్యమనే మనిషి ఒక్కడే ఉంటే మాత్రం పెనంలో మూడొంతులు ఖాళీ.

హార్నర్ సరిగ్గా ఆ మనిషి. ప్రతి మెట్టుకూ దాని ముందు మెట్టు జవాబు కావాలి. 4 సైకిళ్ల యూనిట్ మీద 7 మెట్లకు 28 సైకిళ్లు, వాటిలో 21 సైకిళ్లు యూనిట్ ఊరికే కూర్చుంటుంది.

జెరాల్డ్ ఎస్ట్రిన్ 1960లో సూచించిన దారి ఈ గొలుసును విడదీస్తుంది. అ0 + అ1·ఎక్స్, అ2 + అ3·ఎక్స్, అ4 + అ5·ఎక్స్, అ6 + అ7·ఎక్స్: ఈ నాలుగు జంటలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. వాటితోపాటే ఎక్స్² కూడా లెక్కగట్టవచ్చు. తర్వాత పక్కపక్క జంటలను ఎక్స్²తో కలపాలి, చివరికి మిగిలిన రెండింటిని ఎక్స్⁴తో కలపాలి. మొత్తం 9 గుణకారాలు, హార్నర్ కన్నా రెండు ఎక్కువ. కానీ ఒకదాని కోసం ఒకటి ఆగే మెట్లు మూడే. ఒకే యూనిట్, 4 సైకిళ్ల లేటెన్సీ (ఒక లెక్క జవాబు రావడానికి పట్టే సమయం) పెట్టుకుని కాగితం మీద షెడ్యూల్ వేస్తే 16 సైకిళ్లలో జవాబు వస్తుంది.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. నాకు వ్యక్తిగతంగా చాలా ఇష్టమైనది. సరి ఘాతాలనూ బేసి ఘాతాలనూ విడదీసి, రెండింటినీ ఎక్స్² మీద వేర్వేరు హార్నర్ గొలుసులుగా నడిపించి, చివర్లో బేసి భాగాన్ని ఎక్స్‌తో గుణించి సరి భాగానికి కలపడం. 8 గుణకారాలు, అదే యూనిట్ మీద 21 సైకిళ్లు. కోడ్ చదవడానికి తేలిక, తాత్కాలిక రిజిస్టర్లు ఎస్ట్రిన్ కన్నా తక్కువ.

ఒక్క శాంపిల్ దగ్గర ఆగితే వరస స్పష్టం: ఎస్ట్రిన్ 16, సరి-బేసి 21, హార్నర్ 28. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ మొదట్లో అలాగే ఆగాను. ఒక ఫంక్షన్‌ను విడిగా కొలిచి, ఎస్ట్రిన్ గెలిచిందని దాన్నే పెట్టేశాను. తీరా 256 శాంపిల్స్ లూప్‌లో కొలిస్తే పాత హార్నరే వేగంగా ఉంది.

కారణం సులువే. చేతిలో నాలుగు శాంపిల్స్ ఉంటే, నాలుగు హార్నర్ గొలుసులను ఒకదాని వెంట ఒకటి నడపవచ్చు. మొదటి శాంపిల్ మెట్టు, రెండో శాంపిల్ మెట్టు, మూడోది, నాలుగోది, మళ్లీ మొదటిదాని రెండో మెట్టు. పెనం నిండిపోయింది. నాలుగు జవాబులకూ కలిపి 31 సైకిళ్లు. లూప్ పొడవుగా నడిస్తే శాంపిల్‌కు 7 సైకిళ్లు. అదే ఎస్ట్రిన్ ఎంత బాగా సర్దినా శాంపిల్‌కు 9 కన్నా తగ్గదు, ఎందుకంటే 9 గుణకారాలను లోపలికి పంపడానికే 9 సైకిళ్లు కావాలి. పెనం నిండాక గెలిచేది తక్కువ పని ఉన్నవాడు, అంటే హార్నర్. గుణకారాల సంఖ్య అసలు ముఖ్యమయ్యేది ఇక్కడ, బ్లాకు ప్రాసెసింగ్‌లో.

చిప్‌ను బట్టి

ఇంజనీరింగ్ కాలేజీల డీఎస్పీ ల్యాబుల్లో చాలామంది చూసిన సీ6713 కిట్‌నే తీసుకోండి. దీనిలో ఫ్లోటింగ్ పాయింట్ గుణకారానికి 4 సైకిళ్లు, కూడికకు మరో 4. రెండూ వేర్వేరు ఇన్‌స్ట్రక్షన్‌లు కాబట్టి ఒక్కో హార్నర్ మెట్టుకు 8, డిగ్రీ 7కు 56 సైకిళ్లు. ఎస్ట్రిన్ అయితే కనీసం 24. కానీ గుణించే యూనిట్లు రెండున్నాయి. లూప్‌ను కంపైలర్ సాఫ్ట్‌వేర్ పైప్‌లైనింగ్ చేయగలిగితే, అంటే ఒక శాంపిల్ పూర్తికాకముందే తర్వాతిది మొదలుపెట్టగలిగితే, సిద్ధాంతపరంగా 7 సైకిళ్లకు రెండు శాంపిల్స్, అంటే ఒక్కోదానికి 3.5 సైకిళ్లు. 56 ఎక్కడ, 3.5 ఎక్కడ! పద్ధతి మార్చకుండా, కంపైలర్‌కు దారి ఇవ్వడంతోనే ఈ తేడా వస్తుంది.

దారి ఇవ్వడం అంటే ముఖ్యంగా ఒకటే. ఇన్‌పుట్ ఎర్రే, అవుట్‌పుట్ ఎర్రే వేర్వేరు చోట్ల ఉన్నాయని కంపైలర్‌కు చెప్పాలి, పాయింటర్ల ముందు రెస్ట్రిక్ట్ అనే పదం పెట్టి. అది లేకపోతే, ఈసారి రాసిన జవాబు వచ్చేసారి చదివే ఇన్‌పుట్‌ను మార్చేస్తుందేమోనన్న భయంతో కంపైలర్ ఒక శాంపిల్ పూర్తయ్యాకే ఇంకోటి మొదలుపెడుతుంది. అప్పుడు బ్లాకు ఉన్నా లేనట్టే. అసెంబ్లీ ఫైల్‌ను దాచమని కంపైలర్‌కు చెప్పి తెరిచి చూడండి. ప్రతి లూప్ పైన కామెంట్ల రూపంలో ఎన్ని సైకిళ్లకు ఒక ఇటరేషన్ (లూప్‌లో ఒక చుట్టు) కుదిరిందో, లూప్ క్యారీడ్ డిపెండెన్సీ (ఒక చుట్టు జవాబు కోసం తర్వాతిది ఆగాల్సిన సైకిళ్లు) ఎంతో అదే రాసి పెడుతుంది. ఆ రెండు అంకెలు చూడకుండా పద్ధతి మార్చడం అంటే జ్వరం ఎంతుందో చూడకుండా మందు మార్చడమే.

ఇంకో చిక్కు రిజిస్టర్లతో. హార్నర్‌లో ఎక్స్ చివరి మెట్టు దాకా బతికి ఉండాలి. 50 సైకిళ్ల పాటు బతికే విలువను 7 సైకిళ్ల లూప్‌లో పెడితే, ఒకే సమయంలో ఏడెనిమిది ఇటరేషన్ల ఎక్స్‌లు రిజిస్టర్లలో ఉండాల్సి వస్తుంది. సీ6713లో రిజిస్టర్లు మొత్తం 32. గుణకాలకే ఎనిమిది పోతాయి. అందుకే 3.5 అనే అంకె కాగితం మీదే మిగిలిపోవచ్చు. గొలుసు పొట్టిగా ఉండే సరి-బేసి రూపం ఇలాంటి చోట ఒక గుణకారం ఎక్కువైనా గెలిచే అవకాశం ఉంది. రెండూ రాసి చూడటం తప్ప వేరే దారి లేదు.

అలాగని ప్రతిచోటా ఇంత కష్టపడక్కర్లేదు. 225 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఆ కిట్‌లో 48 కిలోహెర్ట్జ్ ఆడియో అంటే శాంపిల్‌కు 4,687 సైకిళ్లు చేతిలో ఉన్నట్టు. అందులో 56 పోతే పోనివ్వండి.

ఏఆర్ఎం కార్టెక్స్-ఎం4 దగ్గర కథ వేరు. గుణించి కలిపే ఫ్లోటింగ్ పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ 3 సైకిళ్లు తీసుకుంటుంది. విడిగా గుణకారం 1, కూడిక 1, కాకపోతే వచ్చిన జవాబును వెంటనే వాడుకోవాలంటే ఒక సైకిల్ ఆగాలి. డిగ్రీ 7 హార్నర్‌ను గుణించి-కలిపే ఇన్‌స్ట్రక్షన్‌తో రాస్తే 21 సైకిళ్లు. అదే ఇన్‌స్ట్రక్షన్‌తో ఎస్ట్రిన్ రాస్తే 23, అంటే ఎస్ట్రిన్ ఇక్కడ నష్టమే. కానీ రెండు శాంపిల్స్‌ను జోడుగా నడిపి, గుణకారాన్నీ కూడికనూ విడివిడిగా రాస్తే ఒకరి ఆగే సమయంలో ఇంకొకరి పని అయిపోతుంది. మెట్టుకు 2 సైకిళ్లకు దిగుతుంది. ఈ చిన్న చిప్ మీద పద్ధతి కన్నా అల్లిక ముఖ్యం.

మోటార్ కంట్రోల్ చేసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. అక్కడ బ్లాకు ఉండదు. ప్రతి కంట్రోల్ సైకిల్‌లో ఒకే ఒక్క కోణం వస్తుంది, జవాబు వెంటనే కావాలి. కానీ ఒకే కోణానికి సైన్, కొసైన్ రెండూ కావాలి కదా. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గొలుసులు, పైగా ఎక్స్² ఇద్దరికీ ఉమ్మడి. రెండింటినీ అల్లి రాయండి. దానికన్నా ముందు మీ చిప్ డేటాషీట్ ఒకసారి తెరవండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సీ2000 చిప్‌లలో కొన్నింటికి సైన్, కొసైన్‌లను నేరుగా లెక్కగట్టే యూనిట్ ఉంది. ఎస్‌టీఎం32జీ4 లో కార్డిక్ (షిఫ్టులు, కూడికలతోనే సైన్, కొసైన్ లెక్కగట్టే పద్ధతి) యూనిట్ విడిగా ఉంది. ఉన్నదాన్ని వదిలేసి బహుపది రాసుకోవడం శ్రమ దండగ.

ఎఫ్‌పీజీఏ అయితే

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకునే చిప్. దానిలో మీరు కొలవాల్సింది సైకిళ్లు ఒక్కటే కాదు, ఎన్ని డీఎస్పీ స్లైస్‌లు (గుణించి కలపడానికి సిద్ధంగా ఉండే యూనిట్లు) ఖర్చవుతున్నాయన్నది కూడా. జైలింక్స్ 7 సిరీస్ స్లైస్‌లో 25×18 బిట్ల మల్టిప్లయర్, 48 బిట్ల అక్యుములేటర్ ఉంటాయి. పూర్తి వేగం కావాలంటే లోపల మూడు రిజిస్టర్ దశలు వాడాలి: ఇన్‌పుట్ దగ్గర, మల్టిప్లయర్ తర్వాత, అవుట్‌పుట్ దగ్గర. హార్నర్‌ను విప్పి పరిస్తే 7 స్లైస్‌లు, సుమారు 21 క్లాకుల లేటెన్సీ, ప్రతి క్లాకుకూ ఒక జవాబు. ఎక్స్‌ను ప్రతి మెట్టుకూ 3 క్లాకులు ఆలస్యం చేసి అందించడానికి షిఫ్ట్ రిజిస్టర్లు కావాలి కానీ అవి చవక. ఎస్ట్రిన్‌కు 9 స్లైస్‌లు, లేటెన్సీ 9 క్లాకుల దగ్గర.

డేటా ఒకవైపే పారుతుంటే హార్నర్. 21 క్లాకులు ఆలస్యమైనా ఎవరికీ నొప్పి లేదు. ఫీడ్‌బ్యాక్ లూప్ లోపల ఉంటే మాత్రం లేటెన్సీ లూప్ స్థిరత్వాన్ని తింటుంది, అక్కడ ఆ రెండు స్లైస్‌లు సంతోషంగా ఖర్చుపెట్టండి. మోడెమ్‌లలో టైమింగ్ రికవరీ (శాంపిల్ తీయాల్సిన సరైన క్షణాన్ని కనిపెట్టడం) దీనికి మంచి ఉదాహరణ. 1988లో ఫారో ప్రతిపాదించిన నిర్మాణంలో శాంపిల్స్ మధ్య విలువను కనుక్కోవడానికి నాలుగు చిన్న ఫిల్టర్లు ఒక ఘన బహుపది గుణకాలను తయారుచేస్తాయి, ఆ బహుపదిని భిన్న ఆలస్యం మీద హార్నర్ పద్ధతిలో లెక్కగడతారు. డిగ్రీ 3 కాబట్టి మూడు మెట్లే. ఇలాంటి చిన్న డిగ్రీకి ఎస్ట్రిన్ లాభం కూడా చిన్నదే అవుతుంది. 3కు లోపల డిగ్రీ ఉంటే నేను హార్నర్ కాకుండా వేరేది ఆలోచించను.

శాంపిల్ వేగం తక్కువైతే ఒకే స్లైస్‌ను తిప్పితిప్పి వాడుకోవచ్చు. 200 మెగాహెర్ట్జ్ క్లాకు, 10 మెగాహెర్ట్జ్ శాంపిల్స్ అనుకోండి. శాంపిల్‌కు 20 క్లాకులు. ఒక్క స్లైస్ మీద హార్నర్‌కు 21 కావాలి. ఒక్క క్లాకు తేడాతో కుదరదు! ఇంకో స్లైస్ పెట్టేయబోయే ముందు ఆగండి. సరి-బేసి రూపంలో 16 క్లాకులకు అయిపోతుంది. లేదా వరస శాంపిల్స్‌ను ఒకదానిమీద ఒకటి అల్లితే హార్నరే సరిపోతుంది, ఎందుకంటే 20 క్లాకుల్లో అది వాడేది 7 మాత్రమే.

గుణకాలు ఎక్కడి నుంచి తెచ్చారు?

పద్ధతుల మీద ఇంత చర్చ చేసి, గుణకాలను మాత్రం టేలర్ శ్రేణి నుంచి దించుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎస్ట్రిన్, హార్నర్ మధ్య తేడా కన్నా ఇక్కడ పోయేది ఎక్కువ.

లెక్క చూడండి. సైన్‌ను మైనస్ 90 డిగ్రీల నుంచి 90 డిగ్రీల వరకు టేలర్‌తో ఎక్స్⁷ దాకా తీసుకుంటే, 90 డిగ్రీల దగ్గర దోషం సుమారు 0.00016. క్యూ15 ఫార్మాట్‌లో (మైనస్ 1, 1 మధ్య విలువను 16 బిట్లలో దాచే పద్ధతి) ఒక్క బిట్ విలువ 0.00003 కాబట్టి ఇది అయిదు బిట్ విలువలంత తప్పు. అదే డిగ్రీకి, దోషాన్ని అంచు మీద కుప్పపోయకుండా మొత్తం పరిధిలో సమంగా పరిచేలా గుణకాలు ఎంచుకుంటే గరిష్ఠ దోషం సుమారు 0.0000006. రెండు వందల రెట్లకు పైగా తక్కువ, ఒక్క గుణకారం కూడా అదనంగా లేకుండా. ఇంకా చెప్పాలంటే, ఇలా ఎంచుకున్న డిగ్రీ 5 బహుపది దోషం 0.00007, అంటే డిగ్రీ 7 టేలర్ కన్నా సగం లోపే. కోణాన్ని మైనస్ 1 నుంచి 1 మధ్యకు కుదిస్తే, చివరి గుణకం 0.00468 నుంచి 0.00433కి మారుతుంది. చూడటానికి ఇంతే తేడా.

ఈ గుణకాలను కనుక్కునే పద్ధతిని యెవ్‌గెనీ రెమెజ్ 1934లో ఇచ్చాడు. ఇప్పుడు చేత్తో చేయక్కర్లేదు. సోల్యా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గుణకాలను మీ బిట్ల వెడల్పుకు తగ్గట్టు సర్ది మరీ ఇస్తుంది. మామూలుగా కనుక్కుని తర్వాత రౌండ్ చేయడం కన్నా ఇది మెరుగు.

సైన్ లాంటి బేసి ఫంక్షన్‌కు ఇంకో లాభం ఉంది. సరి ఘాతాలు ఉండవు కాబట్టి ఎక్స్² మీద డిగ్రీ 3 బహుపది లెక్కగట్టి చివర్లో ఎక్స్‌తో గుణిస్తే చాలు. మొత్తం 5 గుణకారాలు. హార్నరా ఎస్ట్రినా అన్న గొడవే తగ్గిపోయింది చూశారా.

ఫిక్స్‌డ్ పాయింట్ ఉచ్చులు

ఫ్లోటింగ్ పాయింట్ లేని, అంటే బిందువు ఒకేచోట ఉండే ఫిక్స్‌డ్ పాయింట్ అంకెలతోనే పనిచేసే చిప్ అయితే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. పైన చెప్పిన సైన్‌లో మొదటి గుణకం 1.5708. క్యూ15లో 1, అంతకన్నా పెద్దది ఏదీ పట్టదు. 32768తో గుణించి 16 బిట్లలో పెడితే 51472 కావాల్సింది మైనస్ 14064గా మారిపోతుంది, అంటే మైనస్ 0.43. కంపైలర్ ఒక హెచ్చరిక ఇస్తే ఇస్తుంది. జవాబులు మాత్రం తరంగం ఆకారంలోనే వస్తాయి కాబట్టి ఆసిలోస్కోప్ మీద మొదట అనుమానం రాదు. ఈ తప్పు వెతకడానికి నాకు ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది. దారులు రెండు: గుణకాలన్నీ క్యూ14లో (పూర్ణాంక భాగానికి ఒక బిట్ ఎక్కువ) పెట్టుకోవడం, లేదా 0.5708ని గుణకంగా ఉంచి ఎక్స్‌ను చివర్లో విడిగా కలపడం. రెండోదానిలో ఒక బిట్ ఖచ్చితత్వం మిగులుతుంది. నేను అదే వాడతాను.

ఖచ్చితత్వం విషయంలో హార్నర్‌కు ఒక సహజమైన మంచి గుణం ఉంది. ఎక్స్ పరిమాణం 1 కన్నా తక్కువైతే, మొదటి మెట్లలో వచ్చిన రౌండింగ్ దోషం తర్వాతి ప్రతి మెట్టులోనూ ఎక్స్‌తో గుణింపబడి చిన్నదవుతుంది. చివరి ఒకటి రెండు మెట్ల దోషమే జవాబులో కనిపిస్తుంది. ఎస్ట్రిన్‌లో ఎక్స్²నూ ఎక్స్⁴నూ 16 బిట్లకు కుదించి వాడితే, ఆ కుదింపు దోషం సగం బహుపదినంతా గుణిస్తుంది. అందుకే 16 బిట్ల ఫిక్స్‌డ్ పాయింట్‌లో ఎస్ట్రిన్ వాడాలంటే ఘాతాలకు ఎక్కువ బిట్లు ఇవ్వగల చిప్ కావాలి. లేకపోతే వద్దనే చెబుతాను.

మెట్టుమెట్టుకూ కింది బిట్లను ఊరికే కత్తిరించవద్దు, రౌండ్ చేయండి. రెండు పూరక పద్ధతిలో కత్తిరింపు ఎప్పుడూ కిందివైపుకే లాగుతుంది. సగటున అర బిట్ చొప్పున చేరి, ఆడియోలో అది డీసీ ఆఫ్‌సెట్‌గా తేలుతుంది.

బహుపదే వద్దనుకుంటే

టేబుల్ పెట్టుకోవడం ఎప్పుడూ గట్టి పోటీయే. ఏఆర్ఎం వారి సీఎంసిస్-డీఎస్పీ లైబ్రరీలో సైన్ ఫంక్షన్ ఒక పూర్తి చక్రానికి 512 అంకాల టేబుల్ పెట్టుకుని, మధ్య విలువలను సరళరేఖతో పూరిస్తుంది. దాని దోషం గరిష్ఠంగా సుమారు 0.000019, క్యూ15లో ఒక బిట్ కన్నా తక్కువ. రెండు మెమరీ రీడ్‌లు, ఒక గుణకారం, సుమారు 2 కిలోబైట్ల చోటు. 16 బిట్ల పనికి ఇది చక్కగా సరిపోతుంది. అంతకు మించి ఖచ్చితత్వం కావాలంటే సరళరేఖ టేబుల్ భారమవుతుంది: సైజు రెట్టింపు చేస్తే దోషం నాలుగో వంతుకు, అంటే రెండు బిట్లు మాత్రమే మెరుగు. ఒకేసారి అనేక శాంపిల్స్ మీద ఒకే పని చేసే వెక్టర్ యూనిట్ ఉన్న చిప్‌లలో కూడా టేబుల్ ఇబ్బందే, ఒక్కో శాంపిల్ ఒక్కో చిరునామాకు పోతుంది కాబట్టి. అక్కడ బహుపది వైపే మొగ్గుతాను.

ఎఫ్‌పీజీఏలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ రెండింటి కలయిక. పరిధిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ డిగ్రీ 2 బహుపది పెట్టి, గుణకాలను బ్లాక్ ర్యామ్‌లో దాచడం. ఎక్స్ పై బిట్లు ముక్కను ఎంచుకుంటాయి, కింది బిట్లు బహుపదిలోకి వెళ్తాయి. రెండే స్లైస్‌లు. ముక్కల సంఖ్యను రెట్టింపు చేసిన ప్రతిసారీ దోషం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, అంటే మూడు బిట్లు. పైగా సైన్ స్థానంలో లాగరిథం కావాలంటే ర్యామ్‌లో అంకెలు మారిస్తే చాలు.

బేస్ స్టేషన్లలో పవర్ యాంప్లిఫయర్‌ను సరిదిద్దే ప్రీడిస్టార్షన్‌లో కూడా ఇదే తర్జనభర్జన ఉంటుంది. గుణకాలు సంకీర్ణ సంఖ్యలు, కానీ బహుపది నడిచేది సిగ్నల్ పరిమాణ వర్గం మీద, అది వాస్తవ సంఖ్య. కాబట్టి హార్నర్ మెట్టుకు రెండు గుణకారాలే. అయినా డిగ్రీ పెరిగి, వెనకటి శాంపిల్స్ పదాలు కూడా చేరితే టేబుల్ చవక అవుతుంది. గుణకాలు మారినప్పుడల్లా టేబుల్‌ను నెమ్మదిగా వెనక నుంచి నింపుకోవచ్చు.

ఎక్స్ సమాన అంతరాలతో పెరుగుతూ ఉంటే, అసలు గుణకారమే అక్కర్లేదు. వరస విలువల మధ్య తేడాలను కూడుకుంటూ పోయే భేదాల పద్ధతి చాలు, డిగ్రీ ఎంతో అన్ని కూడికలు. బాబేజ్ తలపెట్టిన లెక్కల యంత్రం, డిఫరెన్స్ ఇంజిన్, నడిచేది దీని మీదే. ఆయన రెండో ఇంజిన్ డిజైన్‌ను లండన్ సైన్స్ మ్యూజియం 1991లో కట్టి చూపించింది, అది ఏడో స్థాయి భేదాల వరకు లెక్కగడుతుంది. రాడార్ చిర్ప్‌లో (పౌనఃపున్యం సమంగా మారుతూ పోయే సిగ్నల్) ఫేజ్ వర్గ బహుపది కాబట్టి రెండు అక్యుములేటర్లతో అయిపోతుంది. పూర్ణాంకాల్లో చేస్తే కూడికల్లో దోషం పేరుకోదు. ఫ్లోటింగ్ పాయింట్‌లో మాత్రం చేయకండి, పేరుకుంటుంది.

మల్టిప్లయరే లేని చిన్న చిప్ అయితే 1959లో జాక్ వోల్డర్ ఇచ్చిన కార్డిక్ చూడండి, షిఫ్టులు, కూడికలతో మెట్టుకు ఒక బిట్ చొప్పున జవాబు తేలుతుంది. గుణకాలను ముందే మార్చిపెట్టుకుని డిగ్రీ 4ను మూడు గుణకారాలు, అయిదు కూడికలతో ముగించే పద్ధతులూ ఉన్నాయి. కూడిక ఉచితంగా వచ్చే డీఎస్పీ మీద వాటి లాభం నాకెప్పుడూ కనబడలేదు, పైగా మారిన గుణకాలు పెద్దవై ఫిక్స్‌డ్ పాయింట్‌ను చెడగొట్టవచ్చు. డిగ్రీ పదిని దాటి ఖచ్చితత్వం జారుతుంటే చెబిషెవ్ రూపంలోకి మార్చి 1955 నాటి క్లెన్‌షా పద్ధతిలో లెక్కగట్టండి. మెట్టుకు ఒక తీసివేత ఎక్కువ, గుణకాలు మాత్రం మంచి ప్రవర్తనతో ఉంటాయి.

ఇక థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను వోల్టేజీగా ఇచ్చే సెన్సర్) లాంటి నెమ్మది పనులు. కే టైప్ థర్మోకపుల్ ప్రామాణిక బహుపది 0 డిగ్రీల పైన డిగ్రీ 9, గుణకాలు 0.039 దగ్గర నుంచి 10⁻²⁶ స్థాయి దాకా దిగిపోతాయి. సెకనుకు పదిసార్లు లెక్కగట్టే దీనికి వేగం సమస్యే కాదు. ఫ్లోటింగ్ పాయింట్‌లో హార్నర్ రాసేయండి. ఫిక్స్‌డ్ పాయింట్ తప్పనిసరి అయితే ఉష్ణోగ్రతను ముందు 0 నుంచి 1 మధ్యకు కుదించి, గుణకాలను తిరిగి లెక్కగట్టుకోండి.

ఏది ఎంచుకున్నా పరీక్షలో పిసినారితనం వద్దు. ఇన్‌పుట్ 16 బిట్లయితే సాధ్యమైన విలువలు 65,536 మాత్రమే. నాలుగైదు కోణాలు చూసి సరిపెట్టుకోకుండా అన్నిటినీ చిప్ మీదే నడిపించి, కంప్యూటర్ మీద డబుల్ ప్రెసిషన్ జవాబులతో పోల్చండి. గరిష్ఠ దోషం ఎక్కడుందో చూడండి, సగటు దోషం సున్నా దగ్గర ఉందో లేదో చూడండి, మైనస్ 1 అనే విలువ దగ్గర ఓవర్‌ఫ్లో అవుతోందేమో ప్రత్యేకంగా చూడండి. సైకిళ్లు కొలిచేటప్పుడు ఫంక్షన్‌ను విడిగా పిలిచి కాకుండా, మీ అసలు ప్రోగ్రాం దాన్ని ఎలా పిలుస్తుందో అలాగే, అదే బ్లాకు సైజుతో కొలవండి.